అక్క కుట్టుగది, నా ఎర్రగీత

సోమవారం పొద్దున మా అక్క కుట్టుగది గోడకీ ఎర్రగీతకీ మధ్య ఎనభయ్యారు సెంటీమీటర్ల దూరం ఉంది. మధ్యాహ్నం టీ తాగి వచ్చి చూస్తే ఎనభై రెండు. గోడకి కాళ్లు లేవు. అంటే గీతకి వచ్చాయి. లేదా ఎవరో తెచ్చిపెట్టారు.

గీత అంటే ఆడమనిషి కాదు. అలా ఆశపడి కథలోకి ఎక్కినవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు. ఇది మ్యాపులో గీత.

నేను రోడ్ల ఆఫీసులో మ్యాపుల విభాగం. విభాగంలో పనిచేస్తానని కాదు, విభాగమే నేను. ఒక గది, రెండు కంప్యూటర్లు, తలుపు సరిగ్గా పడని ఒక బీరువా, ఆ తలుపు తెరుచుకోకుండా అడ్డంపెట్టిన కుర్చీ, మిగిలిన కుర్చీలో నేను. ఆఫీసులో అందరూ నన్ను పటాలం అంటారు. పటాలు గీస్తాను కాబట్టి అని నేను అనుకుంటాను. నేనొక్కణ్ణి మాట్లాడితే ఒక దండు కవాతు చేసినట్టు ఉంటుంది కాబట్టి అని వాళ్లు అనుకుంటారు.

మేము వాడే మ్యాపు సాఫ్ట్‌వేరు ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి లోపల చూడొచ్చు, తమకి కావలసిన పనిముట్టు రాసి దానికి తగిలించుకోవచ్చు. అలా తగిలించేదాన్ని ప్లగిన్ అంటారు. పన్నెండేళ్లుగా నేను తగిలిస్తూనే ఉన్నాను. మా ఆవిడ లెక్కలో నేనే దానికి తగులుకున్నాను. రాసేది పైథాన్ భాషలో. పేరు పాముదే గానీ ఇన్నేళ్లలో ఒక్కసారీ నన్ను కరవలేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

మ్యాపంటే పొరలు. ఇళ్లు ఒక పొర, నీటి గొట్టాలు ఒక పొర, దీపస్తంభాలు ఒక పొర. వాటి మీద ఇప్పుడు కొత్తగా ఎర్రగీతల పొర. పెద్దరోడ్డు వెడల్పు చేస్తున్నారు. రెండు ఎర్రగీతలు కొత్త రోడ్డుకి రెండు అంచులు. వాటి మధ్యలోకి ఏ గోడ వస్తే ఆ గోడ పోతుంది. వచ్చే వారం శుక్రవారం పోయే గోడల జాబితా బయటికి వెళుతుంది. ఆ జాబితా మనిషి రాయడు. ఎర్రగీతని ఇళ్ల పొర మీద పరిచి ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాస్తుంది. స్క్రిప్టు నాదే. ఒక్క సెంటీమీటరు తగిలినా గది మొత్తాన్ని జాబితాకి ఎక్కిస్తుంది. దయ చూపమని అందులో నేను ఒక్క వరుస కూడా రాయలేదు.

రోడ్డు పొడవునా ఒకే ఒక్క మలుపు. ఆ మలుపు లోపలి వైపున ఉన్న ఇల్లు మా అక్కది. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, కిటికీ వెలుతురు, గోడ నిండా దారపు ఉండలు. ఆ గదిలో కుట్టిన బట్టలతోనే వాళ్లిల్లు నడుస్తోంది.

ఆ ఇల్లు మా అక్కదని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే అనుమానిస్తారని.

*

మంగళవారం పొద్దున తెరిస్తే డెబ్భై ఎనిమిది.

రోడ్డు మొత్తం మీద ఇంకెక్కడైనా గీత జరిగిందేమోనని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాను. బడి దగ్గర జరగలేదు. పెట్రోలు బంకు దగ్గర జరగలేదు. తిన్నటి రోడ్డు తిన్నగానే ఉంది. మలుపు దగ్గర, సరిగ్గా మా అక్క గోడ దగ్గర మాత్రమే జరుగుతోంది. ఇది పొరపాటు కాదు. పొరలో ఎవరో పాట్లు పడుతున్నారు.

అవతలి అంచు కూడా కొలిచాను. మలుపుకి అటువైపు మందుల షాపు. ఇటు గీత అక్క గోడ వైపు ఎంత వస్తోందో, అటు గీత మందుల షాపు మెట్లకి అంత దూరమవుతోంది. నా మెదడులో దీపం వెలిగింది. ఇప్పుడు తలుచుకుంటే, అది దీపం కాదు, పొగ.

ఈ గీతలు నేల మీద కొలిచి తెచ్చింది సర్వేయరమ్మ. రిటైర్ అవడానికి ఇంకా రెండేళ్లుంది. ఎండలో నడిచి నడిచి ఆవిడ గొడుగు కూడా రంగు వెలిసింది. ఆవిడ పరికరం పట్టుకుని రోడ్డు అంచున నడుస్తుంది. పరికరం చుక్కలు పెడుతుంది. చుక్కల్ని కలిపితే గీత వణుకుతుంది. ఆ వణుకు తీయడానికి నేనే ఒక ప్లగిన్ రాశాను. పేరు ‘నునుపు’. మీట నొక్కితే ప్రతి చుక్కనీ పక్క చుక్కల వైపు రవ్వంత లాగుతుంది. ఒక్కసారి నొక్కితే చాలు, గీత నున్నగా అయిపోతుంది. పోయిన వారం ఆవిడ ఎర్రగీతకి నొక్కింది, సరిచూసుకుంది, నాకు అప్పజెప్పింది.

ఆ ‘నునుపు’ని ఊరికే మా ఆఫీసులో ఉంచుకోకుండా అందరూ వాడుకునేలా బయట పెట్టాను. ఎక్కడెక్కడివాళ్లో వాడుతున్నారు. అందులో ‘ఉడుత’ అని పేరు పెట్టుకున్న ఒకాయన, ‘‘ప్రతిసారీ మీట నొక్కలేక చేతులు పోతున్నాయి, పొర తెరవగానే దానంతట అదే నునుపు చేసేలా రాయకూడదా’’ అని అడిగాడు. అడిగితే రాయకుండా ఉండే ఘటం కాదు నాది. ఆ ముందు శనివారమే కొత్త రకం రాసి, ఒక వారం పరీక్షిద్దామని నా కంప్యూటర్‌లో మాత్రం తగిలించాను. ఈలోపు ఈ గీత గొడవ వచ్చి పడింది. ఉడుతనీ మరిచిపోయాను, దాని ఊపునీ మరిచిపోయాను.

మంగళవారం మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర నిలబడి చూస్తే, సర్వేయరమ్మ మందుల షాపులోంచి నవ్వుతూ బయటికి వస్తోంది. చేతిలో చిన్న పొట్లం.

‘‘ఏం మేడమ్, మందులా?’’ అన్నాను, నా గొంతు నాకే పోలీసుగొంతులా వినిపించింది.

‘‘దగ్గు బిళ్లలండి. దుమ్ములో తిరిగితే మరేం వస్తుంది?’’

దగ్గుకోసం వెళ్లిందా, షాపాయనకి దగ్గరవడానికి వెళ్లిందా? రోడ్డు మీద నాలుగు మందుల షాపులుండగా మలుపు దగ్గరి షాపే ఎందుకు? దగ్గు వచ్చినవాళ్లు దగ్గుతారు గానీ నవ్వుతారా?

ఆఫీసుకి వెళ్లి గీత చూశాను. డెబ్భై నాలుగు. గంట తర్వాత చూశాను. డెబ్భై. ఇంటికెళ్లే ముందు చూశాను. అరవయ్యారు. ప్రతి కొలతా టైముతో సహా ఒక చిన్న నోటు పుస్తకంలో రాశాను. కొలమానం తెలిసినవాడికి అనుమానం వస్తే ఇలాగే ఉంటుంది. మామూలువాడు కుమిలిపోతాడు, నాలాంటివాడు పట్టిక వేస్తాడు.

*

బుధవారం పొద్దున్నే ఒక స్క్రిప్టు రాశాను. పేరు ‘కాపలా’. ఎర్రగీతల పొరని ఆఫీసులో ఏ కంప్యూటర్ నుంచి ఎవరు తెరిచినా, టైము వేసి, పేరు రాసి, గుట్టుగా ఒక ఫైలులో పెట్టేస్తుంది. రాస్తూ రాస్తూ మధ్యలో ఒక వరుస చేర్చాను. తెరిచింది పటాలం అయితే వదిలెయ్, రాయకు. నన్ను నేను కాపలా కాసుకోవడమేంటి, ఫైలు నిండిపోవడం తప్ప!

ఇక ఆ రోజు ఆరుసార్లు పొర తెరిచాను. అరవై రెండు. యాభై ఎనిమిది. యాభై నాలుగు. యాభై. నలభయ్యారు. నలభై రెండు. ప్రతిసారీ పరిగెత్తుకెళ్లి కాపలా ఫైలు చూశాను. తెల్లకాగితం. ఒక్క పేరు లేదు.

దొంగ ఉన్నాడు, అడుగుజాడ లేదు. అంటే తన జాడ తుడిచేయగల దొంగ. మరి సర్వేయరమ్మ చూస్తే, మౌసుని వేడి గిన్నె మూత పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుంటుంది. ఏదైనా పెట్టె తెర మీద తెరుచుకుంటే, ‘‘అయ్యో, ఏదో వచ్చిందండీ, రండి’’ అని కేకేస్తుంది. ఇన్నాళ్లూ అది తెలియనితనం అనుకున్నాను. ఆ బుధవారం నాకు అర్థమైంది, అది నటన. పన్నెండేళ్లపాటు మౌసు పట్టుకోవడం రానట్టు నటించాలంటే ఎంత ముందుచూపు ఉండాలి!

సాయంత్రం టేపు పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. అసలు గోడ మ్యాపులో ఉన్నచోటే ఉందో లేదో చూద్దామని. వీధిలో గోడకి బోర్లా ఆనుకుని కొలుస్తుంటే అక్క కిటికీలోంచి తల పెట్టింది. నోట్లో నాలుగు గుండుసూదులు.

‘‘ఏరా, గోడ కొలుస్తున్నావేం? చొక్కా కుట్టిస్తావా దానికి?’’

‘‘ఊరికే అక్కా.’’

‘‘నువ్వు ఊరికే ఏదైనా కొలిచే మనిషివా?’’ సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి మణికట్టు దిండుకి గుచ్చింది. ‘‘నిజం చెప్పు. గీత మీదకొచ్చిందా?’’

అక్కతో అబద్ధం చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. చెప్పేశాను. తొంభై సెంటీమీటర్ల దగ్గర ఉంటుందని మీ సర్వేయరమ్మ చాక్‌పీసుతో గీసి మరీ చూపించిందే అంది. నలభై రెండుకి వచ్చిందన్నాను.

అక్క మిషను చక్రం మీద చేయి వేసి అటూ ఇటూ తిప్పింది.

‘‘ఈ గది పోతే మిషన్లు వంటింట్లో పెట్టాలి. పొయ్యి ఎక్కడ పెట్టను, మిషను మీదా? బడిపిల్లల యూనిఫాంలు రెండొందలు ఒప్పుకున్నానురా.’’

‘‘నీది కుట్టు, వాళ్లది కుట్ర. ఎవరో నేను పట్టుకుంటాను. రోజుకి ఆరుసార్లు చూస్తున్నాను. ఇంకా ఎక్కువ చూస్తాను.’’

‘‘చూడు, చూడు. చిన్నప్పుడూ ఇంతే. పెన్సిలుకి ముల్లు ఉందో లేదో అని చెక్కి చూసేవాడివి. మళ్లీ చెక్కేవాడివి. సాయంత్రానికి చేతిలో రబ్బరు ముక్క మిగిలేది. అది పట్టుకుని, పక్కవాడు నా పెన్సిలు తినేశాడని ఏడ్చేవాడివి.’’

‘‘ఇప్పుడు పెన్సిలు మాటెందుకే?’’

‘‘ఏదో గుర్తొచ్చింది. టీ తాగి వెళ్లు.’’

టీ తాగాను. అక్క మాట మాత్రం లోపలికి దిగలేదు.

*

గురువారం నుంచి జ్వరం. వైరస్ వల్ల వచ్చిందో వైరం వల్ల వచ్చిందో తెలియదు. నాలుగు రోజులు మంచం మీద పడుకుని ఒకటే లెక్క. రోజుకి ఇరవై నాలుగు చొప్పున జరుపుతూ పోతే ఈపాటికి గీత అక్క గది దాటి, వంటిల్లు దాటి, పెరట్లో బట్టలారేసుకుంటూ ఉండాలి.

సోమవారం కాళ్లీడ్చుకుంటూ ఆఫీసుకి వెళ్లి తెరిచాను. ముప్పై ఎనిమిది.

నాలుగు రోజుల్లో నాలుగే సెంటీమీటర్లు! ఇంకెవరైనా అయితే సంతోషించేవారు. నాకు అనుమానం ముదిరింది. నేను ఆఫీసులో ఉన్నరోజు ఇరవై నాలుగు, లేనన్నాళ్లూ నాలుగు. దీనికి అర్థం ఒక్కటే. నేను ఉన్నప్పుడు జరిపి నా మీదకి తోసేద్దామని చూస్తున్నారు. ఎంత లోతైన మనిషి ఈ సర్వేయరమ్మ!

అప్పటినుంచి ఎత్తు మార్చాను. తరచూ తెరిస్తే నేను కనిపెడుతున్నానని దొంగకి తెలిసిపోతుంది. అందుకని మంగళవారం ఒక్కసారే తెరిచాను. ముప్పై నాలుగు. బుధవారం ఒక్కసారే. ముప్పై. నేను జాగ్రత్తపడేసరికి వాళ్లూ జాగ్రత్తపడ్డారు. నా మనసులో ఏముందో చూసి మరీ అడుగేస్తున్నారు. తెలివైన శత్రువు దొరికినందుకు లోపల్లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఈ రెండు రోజులూ మధ్యాహ్నం సర్వేయరమ్మ బయటికి వెళితే పదడుగుల వెనక నేను. ఆవిడ మందుల షాపు దగ్గర ఆగితే నేను కరెంటు స్తంభం మీద నెంబరు చదువుతున్నట్టు నిలబడ్డాను. నలభై ఏడు పైన రెండు. ఇప్పటికీ గుర్తుంది.

గురువారం వచ్చింది. మర్నాడే జాబితా. ఇక దాచి లాభం లేదని మా పైఅధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన్ని ఆఫీసంతా పెద్దాయన అంటుంది. వయసులో నాకంటే చిన్నవాడే, మీసం పెద్దది.

‘‘సార్, ఎర్రగీతని ఎవరో జరుపుతున్నారు. ఎవరో నాకు తెలుసు. ఆవిణ్ణి నా గదికి పిలవండి. కళ్ల ముందు రుజువు చేస్తాను.’’

‘‘ఆవిణ్ణి అంటున్నావంటే పేరు చెప్పినట్టేగా పటాలం. పద.’’

*

సర్వేయరమ్మ ఎండలోంచి అప్పుడే వచ్చింది. ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో సాసరు పట్టుకుని వచ్చి, బీరువాకి అడ్డంపెట్టిన కుర్చీలో కూర్చుంది. ఆమె లేచినప్పుడు తలుపు తెరుచుకుంటుందని నేను హెచ్చరించలేదు. శత్రువుని హెచ్చరిస్తారా?

పెద్దాయన నా వెనక నిలబడ్డాడు. నేను నోటు పుస్తకం విప్పి అక్కడ పెట్టి, గొంతు సవరించుకుని, పొర తెరిచాను.

‘‘చూడండి సార్. నిన్న ముప్పై. ఇవాళ ఇరవయ్యారు. ఆ గోడకి అసలు దూరం ఎంతో ఆవిణ్ణే అడగండి.’’

‘‘తొంభై’’ అంది సర్వేయరమ్మ. గ్లాసు కిందకి దిగింది. ‘‘ఇరవయ్యారేంటి? టేపు పట్టి నేనే కొలిచాను. తొంభై.’’

‘‘విన్నారా సార్? తొంభై అని ఒప్పుకుంటున్నారు. మరి ఇరవయ్యారు ఎలా అయింది? అప్పజెప్పాక ఎవరు ముట్టుకున్నారు?’’ ఇక నా పటాలం కవాతు మొదలైంది. పొర మూశాను, మాటకి ఊపు రావడానికి మళ్లీ తెరిచాను. ‘‘ఈ ఇరవయ్యారు...’’

తెర మీద ఇరవై రెండు.

నేను అరిచాను. ‘‘చూశారా! మన ముందే! ఇక్కడ కూర్చునే జరుపుతోంది!’’

సర్వేయరమ్మ తన కుడిచేతిలో గ్లాసుని, ఎడమచేతిలో సాసరుని చూసుకుంది. ‘‘దేంతో జరిపానండి? మోకాలితోనా?’’

‘‘మీరు కాకపోతే మీ మనిషి. బయటినుంచి, వైరు లోంచి...’’

‘‘ఆగు’’ అన్నాడు పెద్దాయన. పొరని పెన్‌డ్రైవులో వేయించి, వంగి, నా కంప్యూటర్ వెనకనుంచి నెట్‌వర్కు వైరు పీకేసి చేతిలో పట్టుకున్నాడు. ‘‘ఇప్పుడు ఎవడు వస్తాడో చూద్దాం. తెరువు.’’

తెరిచాను. పద్దెనిమిది.

‘‘వైరు నా చేతిలో ఉంది’’ అన్నాడు పెద్దాయన, నాకు కనిపించేలా పైకెత్తి.

సర్వేయరమ్మ గ్లాసు కింద పెట్టి, మామూలు కంటే నెమ్మదిగా అడిగింది. ‘‘అదే పెన్‌డ్రైవు ఆ రెండో కంప్యూటర్‌లో పెట్టండి సార్.’’

పెట్టాడు. పద్దెనిమిది. మూసి తెరిచాడు. పద్దెనిమిది. ఇంకోసారి. పద్దెనిమిదే.

‘‘మళ్లీ పటాలంగారి దాంట్లో.’’

పెద్దాయనే వంగి తెరిచాడు. పద్నాలుగు.

ఆయన నా నోటు పుస్తకం అందుకుని వేలుపెట్టి పైనుంచి కిందకి చదివాడు. ‘‘ఎనభయ్యారు, ఎనభై రెండు, డెబ్భై ఎనిమిది, డెబ్భై నాలుగు... ప్రతిసారీ నాలుగు. ఒక్కసారి మూడు లేదు, ఒక్కసారి అయిదు లేదు. ఇంత క్రమశిక్షణ ఉన్న దొంగ మనాఫీసులో ఎవరున్నారు పటాలం?’’

‘‘గీతని ఎవరూ జరపట్లేదండి’’ అంది సర్వేయరమ్మ. ‘‘మీరు చూసినప్పుడల్లా అదే జరుగుతోంది.’’

అప్పుడు వినిపించింది నాకు, సూదులు తీసేసిన నోటితో అక్క అన్న మాట. చెక్కి చూసేవాడివి, మళ్లీ చెక్కేవాడివి. దాని వెనకే ఉడుత గుర్తొచ్చాడు. పొర తెరవగానే దానంతట అదే. నేను రాసిందంతా కళ్ల ముందు వరుసలు వరుసలుగా దిగింది. తెరవగానే నునుపు చెయ్. చేసింది చెప్పకుండా దాచెయ్. అంతవరకూ రాశాను. ‘ఇదివరకే చేసి ఉంటే మళ్లీ చెయ్యకు’ అనే ఒక్క వరుస రాయలేదు. నేను తెరిచిన ప్రతిసారీ అది ప్రతి చుక్కనీ పక్కచుక్కల వైపు లాగింది. తిన్నటి రోడ్డులో ఎటు లాగినా తిన్నగానే ఉంటుంది. మలుపు దగ్గర లాగితే మూల తెగుతుంది, గీత మలుపు లోపలికే వస్తుంది. మలుపు లోపల ఉన్నది మా అక్క.

ఇక కాపలా ఫైలు. అందులో దొంగ పేరు ఎందుకు లేదంటే, దొంగ పేరు రాయొద్దని రాసినవాడు దొంగే.

తెరిచి చూపించాను ఇద్దరికీ. ఆ వరుస కూడా దాచలేదు. పెద్దాయన మీసం కింద నవ్వు కనపడుతుందేమోనని చూశాను. కనపడలేదు.

‘‘ఇంతకీ’’ అన్నాడాయన. ‘‘రోడ్డు మీద మూడొందల గోడలున్నాయి. నువ్వు రెండు వారాలుగా ఈ ఒక్క గోడనే ఎందుకు కొలుస్తున్నావు? ఎవరిదా ఇల్లు?’’

బీరువా వైపు చూశాను. బీరువా ఏమీ అనలేదు.

‘‘మా అక్కది సార్.’’

గదిలో గాలి మారింది. ఇన్నాళ్లూ నేను ఇతరుల మీద వేసిన చూపు ఎలా ఉంటుందో అది నా ముఖం మీద పడ్డప్పుడు తెలిసింది. పెద్దాయన నెట్‌వర్కు వైరుని చేతికి చుట్టుకుంటున్నాడు.

‘‘గీత నీ చేతిలో. జాబితా స్క్రిప్టు నీ చేతిలో. ఇల్లు మీ అక్కది. ఎవరికీ చెప్పలేదు. పైగా నీ పేరు మాత్రం రాయకుండా కాపలా. ఈ మాట నేను పైకి రాస్తే చదివేవాడు ఏమనుకుంటాడు?’’

పన్నెండేళ్లలో మొదటిసారి పటాలం ఆగింది.

మాట్లాడింది సర్వేయరమ్మ. ‘‘సార్, తమ్ముడు మోసం చేస్తే గీతని అక్క గోడకి దూరంగా తోస్తాడు. ఈయన తెచ్చి మీద పడేస్తున్నాడు. ఇంకో నాలుగుసార్లు చూసుంటే రేపటి జాబితాలో మొదటి ఇల్లు వాళ్లక్కదే. ఇలాంటి మోసం ఎవరైనా చేస్తారా?’’

పెద్దాయన ఆలోచించాడు. ‘‘చేయరు’’ అన్నాడు. నా తెలివితక్కువతనం ఒక్కటే ఆ గదిలో నా తరఫున సాక్ష్యం చెప్పింది, అదీ నమ్మదగ్గ సాక్షి.

‘‘మేడమ్, నేను మిమ్మల్ని...’’ అని మొదలుపెట్టాను.

‘‘తెలుసండి. రెండ్రోజులుగా మందుల షాపు దాకా వస్తున్నారుగా. దగ్గు నాకు, ఆయాసం మీకు.’’ సంచిలోంచి అట్ట చిరిగిన పుస్తకం తీసింది. చుక్క చుక్కకీ కొలత, పెన్సిలుతో, పక్కనే చిన్న బొమ్మతో. ‘‘ఉన్న గీత తీసిపారేయండి. నేను చదువుతాను, మీరు కొట్టండి. నా కంప్యూటర్‌లో.’’

‘మీ’ అనకుండా ‘నా’ అన్నది. ఆ రెండో కంప్యూటర్ ఎవరిదని ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఆలోచించలేదు.

సాయంత్రందాకా ఆవిడ చదివింది, నేను కొట్టాను. ఒక్కో అంకె కొట్టాక, ‘‘ఏం కొట్టారో పైకి చదవండి’’ అనేది. చదివాను. మలుపు దగ్గరికి వచ్చినప్పుడు రెండుసార్లు చదివించింది. నా వేలు తొంభై దగ్గర ఒక్క క్షణం ఆగింది. తొంభైకి బదులు నూటతొంభై అంటే ఎవరికి నష్టం అనిపించింది. పక్కనే ఆవిడ బిళ్ల చప్పరిస్తున్న శబ్దం. తొంభై కొట్టాను. ఒకటికి రెండుసార్లు పైకి చదివాను.

శుక్రవారం పొద్దున పెద్దాయన ముందు కూర్చుని, ఆవిడ కంప్యూటర్‌లో జాబితా స్క్రిప్టు నడిపాం. మలుపు దగ్గర ఇటు అక్క ఇల్లు రాలేదు. అటు మందుల షాపు మూడు మెట్లు వచ్చాయి. దాన్ని కాపాడుతోందని నేను అనుమానించిన మనిషి ఆ మూడు మెట్లనీ వేలితో లెక్కపెట్టి, సరిగ్గా ఉందండి అని సంతకం పెట్టింది. కుర్చీలోంచి లేచింది. బీరువా తలుపు తెరుచుకుని, పాత మ్యాపు చుట్టలన్నీ నా నెత్తిమీద పడ్డాయి.

కొత్త రకం ‘నునుపు’ని నా కంప్యూటర్‌లోంచి పీకేశాను. ఉడుతకి ఉత్తరం రాశాను. అయ్యా, మీట నొక్కితే చేతులు పోతాయి, నొక్కకపోతే గోడలు పోతాయి, కాబట్టి నొక్కుతూనే ఉండండి. ‘కాపలా’లో నన్ను వదిలెయ్యమన్న వరుస కొట్టేశాను. ఇప్పుడు ఆ ఫైలు నా పేరుతోనే నిండుతోంది.

మధ్యాహ్నం అక్కకి ఫోను చేశాను.

‘‘గది ఉంటుందే. తొంభై సెంటీమీటర్లు.’’

అవతల మిషను ఆగింది. ‘‘నిజంగా?’’

‘‘నిజంగా.’’

‘‘ఎవర్రా జరిపింది?’’

‘‘పక్కవాడే. పెన్సిలు తినేసినవాడు.’’

అక్క ఆపకుండా నవ్వింది. చివర్లో గొంతు తగ్గించి, ‘‘ఎందుకైనా మంచిది, ఇంకొక్కసారి తెరిచి చూసి చెప్పరా’’ అంది.

నా చెయ్యి మౌసు మీదకి వెళ్లింది. తీసేసి జేబులో పెట్టుకున్నాను.

‘‘నేను చూడనే’’ అన్నాను. ‘‘ఉండు, సర్వేయరమ్మగారిని చూడమంటాను.’’